చుక్కాని లేని పడవ

ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లలకు జాతీయాలు చెప్పాను. "చుక్కాని లేని నావ" వాటిలో ఒకటి. దిక్కూ దరీ లేని బతుకుకూ, పెద్దదిక్కు లేని సంసారానికీ వాడతామని చెప్పి, ఒక సొంతవాక్యం రాయించి, తరవాతి జాతీయానికి సాగిపోయేవాణ్ణి. నిజంగానే చుక్కాని లేని నావ ఒకటి లోకంలో ఉన్నదనీ, మనిషి దాని మీద నిలబడి నీళ్ల మీద పరుగెడతాడనీ, నా కొడుకే అటువంటిదాన్నొకదాన్ని విప్పి మళ్లీ బిగిస్తాడనీ అప్పుడెవరైనా చెబితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈ టపా ఆ నావ చరిత్ర. యంత్రాల గురించి పండితుడికేం తెలుసునని మిత్రులు అనుకోవచ్చు. తెలిసినంతే రాస్తాను.

ముందు పేరు సంగతి. మన విశాఖ రుషికొండ దగ్గరా, గోవా తీరాల్లోనూ కనిపించే ఆ వాహనాన్ని పత్రికలు వాటర్ స్కూటర్ అంటాయి, జనం జెట్‌స్కీ అంటారు. ఆ రెండో మాట వాస్తవానికి కావసాకీ కంపెనీవారి వ్యాపారనామం. వనస్పతి అంతా డాల్డా అయినట్టు, నకలు తీయడమంతా జిరాక్స్ అయినట్టు, నీటి మీద పరుగెత్తే ఈ జాతి వాహనమంతా జెట్‌స్కీ అయిపోయింది. శాస్త్రం చదువుకున్నవాళ్లు యౌగికం, రూఢం, యోగరూఢం అని పదాలను విభజిస్తారు. బురదలో పుట్టినవి ఎన్ని ఉన్నా పంకజమంటే తామరే. అలాగే నీటిధార బలంతో సాగే నావలు ఎన్ని ఉన్నా జెట్‌స్కీ అంటే ఇదొక్కటే. కంపెనీవారికి ఇది గర్వమో బాధో గాని, భాష ఎవరి ట్రేడ్‌మార్కునూ లెక్కచేయదు.

ఇంకో పేరు సీ-డూ. కెనడా దేశపు క్యుబెక్ రాష్ట్రంలో వాల్కూర్ అనే ఊరి బొంబార్డియే కంపెనీవారిది. అంతకుముందు 1959లో వాళ్లు మంచు మీద నడిచే చిన్న బండిని తెచ్చి దానికి స్కీ-డాగ్ అని పేరు పెట్టబోతే, అచ్చులో పొరపాటు పడి స్కీ-డూ అయిందనీ, అదే బాగుందని ఉంచేశారనీ చెప్పుకుంటారు. లేఖకదోషం స్థిరపాఠమై, దాని మీద ఇంకో పేరు కూడా మొలిచిందన్నమాట. మన కావ్యాల్లో ఇటువంటివి ఎన్ని ఉన్నాయో పరిష్కర్తలకే తెలుసు.

ఇక చరిత్ర. నీళ్ల మీద మోటారుసైకిలు నడపాలన్న కోరిక ఒక్కడికే పుట్టినది కాదు. ఇంగ్లండులో బ్లాక్ షాడో వంటి మహావేగపు మోటారుసైకిళ్లు చేసిన విన్సెంట్ కంపెనీ, 1955లో వాటి తయారీ ఆగిపోయిన రోజుల్లోనే, అమాండా అనే నీటి స్కూటరును తెచ్చింది. పడవకున్నట్టే దానికీ నీళ్లలో తిరిగే రెక్కల పంకా ఉండేది. పడిపోయిన మనిషికి దగ్గర్లో అటువంటి పంకా తిరగడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఆ రెక్కలను దాచే ఉపాయం దొరికేదాకా ఈ కోరిక పూర్తిగా తీరే దారి లేదు.

ఆ ఉపాయం భూగోళానికి అవతలి చివర దొరికింది. న్యూజిలాండులో ఐరిష్‌మన్ క్రీక్ అనే గొర్రెల క్షేత్రంలో బిల్ హామిల్టన్ (1899–1978) అనే ఆయన ఉండేవాడు. అక్కడి నదులు లోతు తక్కువ, రాళ్లెక్కువ. పంకా ఉన్న పడవ ఆ రాళ్లకు తగిలి విరగవలసిందే. అందుకని 1950లలో ఆయన పంకాను ఒక గొట్టంలోకి చేర్చాడు. పడవ అడుగునుంచి నీటిని పీల్చి వెనకనుంచి ధారగా చిమ్మే పంపు అది. ఈ ఊహ ఆయనకు ముందే ఉన్నది. దాన్ని నదికి పనికొచ్చేట్టు చేసినది ఆయన. 1960లో ఆయన పడవలు అమెరికా వెళ్లి, కొడుకు జాన్ మొదలైనవాళ్ల చేతుల్లో, కొలరాడో నదికి ఎదురుగా గ్రాండ్ కాన్యన్ గుండా పైకెక్కాయి. ఆ పని అంతకుముందు ఎవరూ చేయలేదు. గోదావరి ఒడ్డున పుట్టి, వరదరోజుల్లో గడ వేసేవాళ్ల భుజాలు చూసినవాణ్ణి గనక, ఆ ఎదురీత ఎటువంటిదో కొంత ఊహించగలను.

అదే కొలరాడో నది కింది భాగాన, 1938లో పూర్తయిన పార్కర్ ఆనకట్ట వెనక నిలిచిన నీటిని లేక్ హవాసు అంటారు. ఆ ఒడ్డున ఎడారిలో రాబర్ట్ మెకల్లక్ అనే రంపపు యంత్రాల వ్యాపారి 1960లలో ఒక ఊరు కట్టాడు. ఊరికి ఆకర్షణ కావాలని లండన్ బ్రిడ్జిని 1968లో కొని, రాయి రాయి మోయించి, 1971కి అక్కడ నిలబెట్టాడు. పాతదాన్ని విప్పి మళ్లీ కట్టే పిచ్చి ఆ ఊరి మట్టిలోనే ఉన్నదేమో. మన కథానాయకుడు క్లేటన్ జేకబ్‌సన్‌ను చరిత్ర రాసేవాళ్లు ఆ ఊరివాడుగానే చెబుతారు.

జేకబ్‌సన్ బ్యాంకులో పనిచేస్తూ, తీరిక దొరికితే ఎడారిలో మోటారుసైకిలు పందేలు ఆడేవాడు. పడి చర్మం దోక్కుపోయినప్పుడు, ఈ పడేదేదో మెత్తని నీళ్లలో పడితే బాగుండునే అనిపించిందట. అనిపించడం ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన ఉద్యోగం మానేశాడు. 1965కి అల్యూమినియంతో ఒక నమూనా, ఆ మరుసటి ఏడు ఫైబర్‌గ్లాసుతో రెండోది చేశాడు. లోపల టూ-స్ట్రోక్ ఇంజను, దానికి నీటిధార పంపు. మొదటిదానికి పట్టుకునే కొయ్య నిటారుగా, కదలకుండా ఉండేది. తరవాత దాన్ని అడుగున కీలు పెట్టి పైకీ కిందికీ ఆడేట్టు చేశాడు. అసలు ప్రతిభ అక్కడ ఉన్నదని నా అభిప్రాయం. కొయ్య కదిలితే మనిషి మోకాళ్ల మీదనుంచి లేచి నిలబడగలడు, ఒంగగలడు, ఒంటి బరువుతోనే పడవను వాల్చగలడు. ఎక్కినవాడు ప్రయాణికుడు కాదు, ఆ యంత్రంలో ఒక భాగం.

బొంబార్డియేవారు ఆయన దగ్గర హక్కు తీసుకుని 1968లో సీ-డూను అమ్మకానికి పెట్టారు. వాళ్లు ఎన్నుకున్నది కూర్చుని నడిపే రూపం. గాలితో చల్లబడే ఇంజను. ఉప్పునీటి మీద అది నిలవలేదు. రెండు మూడేళ్లలో దుకాణం మూసేశారు. ఆ తరవాత జపాను కావసాకీవారు నిలబడి నడిపే రూపాన్ని చేపట్టి, 1973లో అమెరికా విపణిలోకి తెచ్చారు. ఆ తరవాత 400 సి.సి. జె.ఎస్. 400 వచ్చింది. దాని వెనక 1977లో 440, 1982లో 550 వచ్చాయి. (మనకు కావసాకీ అంటే 1986లో బజాజ్‌తో కలిసి తెచ్చిన కె.బి. 100 మోటారుసైకిలే గుర్తొస్తుంది. మా బడి డ్రిల్లు మాస్టారికి అదొకటి ఉండేది, దాని మోత హాజరు గంటకంటే ముందు వినిపించేది.)

ఇప్పుడు చుక్కాని సంగతి. ఈ నావకు చుక్కాని లేదు. వెనక నీరు చిమ్మే మూతిని కుడికీ ఎడమకూ తిప్పడమే మలుపు. ధార ఉన్నంతసేపే మలుపు. ఎదురుగా ఏదో వస్తున్నదని భయపడి యాక్సిలరేటరు వదిలేశారా, ధార ఆగుతుంది, ఇక చేతులెంత తిప్పినా పడవ ముక్కుసూటిగా పోతుంది. భయమే ప్రమాదానికి కారణమయ్యే చిత్రమైన వాహనమిది. 1998లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఈ వాహనాల ప్రమాదాల మీద ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. వదిలేస్తే తిరగకపోవడమన్న ఈ గుణం అందులో ముఖ్యమైన చర్చ. మా జాతీయం పాఠంలో చుక్కాని లేకపోవడమంటే దిక్కు తెలియకపోవడం. ఇక్కడ దిక్కు బాగా తెలుసు, తిరగడానికి వేగం తగ్గకూడదు, అంతే.

ఈ లోపానికి జతగా తొలినాటి యంత్రాల్లో ఒక దయ కూడా ఉన్నది. మనిషి పడిపోతే ఇంజను ఆగదు. మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. కొయ్య దానంతట అదే ఒక పక్కకు వాలి, పడవ వలయంగా చుట్టు తిరిగి పడినవాడి దగ్గరికే వస్తుంది. పడటం తప్పదని మొదటే ఒప్పుకుని చేసిన ఏర్పాటు అది. తరవాతి కాలంలో చేతికి తాడు కట్టి, పడగానే ఇంజను ఆగిపోయే పద్ధతి వచ్చింది. క్షేమం రీత్యా అదే మేలు. అయినా తిరిగివచ్చే పడవంటేనే నాకు మక్కువ.

పడకుండా నేర్చుకోవడం కుదరని విద్యకు ఎందరు గిరాకీదారులుంటారు? 1977 నాటి జేమ్స్ బాండ్ చిత్రంలో రోజర్ మూర్ నీటి మీద వెళ్లినది వెట్‌బైక్ అనే వేరొక యంత్రం, కూర్చుని నడిపేదే. 1986లో యమహావారు వేవ్‌రన్నరును ప్రకటించారు. ఇద్దరు కూర్చోవచ్చు, మొదటి రోజే నడపవచ్చు. 1988లో సీ-డూ మళ్లీ వచ్చింది. 1995లో ఒక్క అమెరికాలోనే ఏడాదికి సుమారు 2,00,000 వాహనాలు అమ్ముడుపోయే స్థితి వచ్చిందంటే, వాటిలో ఎక్కువ భాగం కూర్చునేవే. నిలబడేది క్రమంగా పందేలవాళ్ల చేతుల్లోకీ, గ్యారేజీల మూలలకూ చేరింది. కావసాకీ తన టూ-స్ట్రోక్ నిలువు యంత్రాన్ని 2011తో ఆపింది. 2017లో ఫోర్-స్ట్రోక్‌తో మళ్లీ తెచ్చింది గాని, అది పాతదానికంటే చాలా బరువు. యమహా సూపర్‌జెట్ కూడా 2020తో టూ-స్ట్రోక్‌కు స్వస్తి చెప్పింది.

అంటే ఒళ్లు వంచి నేర్చుకోవలసిన ఆ తేలికపాటి తొలి రూపం మిగిలినది, పాతవాటిని బాగుచేసుకునేవాళ్ల దగ్గరే. మా అబ్బాయి ఆ జాతి.

వాడు అరిజోనా రాష్ట్రం ఫీనిక్సులో ఉద్యోగం చేస్తున్నాడు. 2018లో ఒక ఇంటి గ్యారేజీనుంచి 1986 నాటి జె.ఎస్. 440ని తెచ్చుకున్నాడు. 2019 జనవరిలో మేము వెళ్లేసరికి దాని ఇంజను ఒక బల్ల మీద, పంపు ఒక తొట్టిలో, దేహం రెండు కొయ్యగుర్రాల మీద ఉన్నాయి. మా ఆవిడ చూసి, "ఏమిట్రా ఇది, శవపరీక్షా?" అన్నది. ఆ నాలుగు నెలలు నేను వాడికి చేతిసాయం చేశాను. చేతిసాయమంటే దీపం పట్టుకోవడం, బోల్టులు లెక్కపెట్టడం.

కొన్నాళ్లకు నాకొకటి తోచింది: ఇది గ్రంథపరిష్కరణే. బ్రౌను దొర కాలంనుంచి మన పండితులు చేసినదేమిటి? దొరికిన ప్రతిలో చెదలు తిన్నదేది, లేఖరి పొరబడ్డదేది, ఎవరో చొప్పించినదేది అని విడదీయడమే కదా. ఈ యంత్రానికీ అన్నీ ఉన్నాయి. దేహం మీద ఎవరో నల్లరంగు పూశారు. గీకితే కింద తెలుపు కనిపించింది. వెనక భాగాన అచ్చుగుద్దిన సంఖ్యనుబట్టి అది ఏ ఏటిదో తేలింది, శాసనంలో శకసంవత్సరంలాగ. ఉక్కు బోల్టులు అల్యూమినియంలో తుప్పుతో కరుచుకుపోయి, వేడి చేసి, నూనె పోసి, మర్నాటిదాకా ఆగి తిప్పితే గాని ఊడలేదు. కార్బురేటరులోని పలచని పొర పాతబడి అప్పడంలాగ బిగుసుకుపోయింది. క్రాంక్‌షాఫ్ట్ చివర సీళ్లు గట్టిపడ్డాయి. టూ-స్ట్రోక్ ఇంజనుకు ఆ సీళ్లే ప్రాణం. అవి గాలి పీలిస్తే పెట్రోలు పలచబడి, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. పైకి శుభ్రంగా కనిపించే ఇంజనును సీళ్లు చూడకుండా నడిపి పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారట. పంపులో తిరిగే ఇంపెల్లరుకూ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య వెంట్రుకమందం ఎడమే ఉండాలి. ఇసుక తిని ఆ ఎడం పెరిగితే ఇంజను ఎంత అరిచినా పడవ కదలదు.

వాడి స్నేహితుడొకడు వచ్చి, ఇంత కష్టమెందుకు, 750 ఇంజను తెచ్చి ఇందులో కూర్చోబెట్టు అని సలహా ఇచ్చాడు. అటువంటివి చాలామంది చేస్తారట, బాగా పరుగెడతాయట. నేను కలగజేసుకుని, అది ప్రక్షిప్తమవుతుందిరా అన్నాను. మా అబ్బాయి నవ్వి ఆ మాటను వాడికి అనువదించడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. చివరకు 436 సి.సి. ఇంజనే మిగిలింది. ఇంధనపు గొట్టాలు, సీళ్లు, బేరింగులు మాత్రం కొత్తవి. ప్రాణరక్షణకు వేసినవి ప్రక్షిప్తాలు కావని నా తీర్పు. అదే న్యాయం కింద చేతికి కట్టుకునే తాడు కూడా అమర్చాలని మా ఆవిడ పట్టుబట్టింది. అమర్చాడు. ఆ తాడును తగిలించినప్పుడు తిరిగివచ్చే గుణం పోతుంది. వాడు ఒక్కడే వెళ్లినప్పుడు తప్పక తగిలించాలని ఆవిడ షరతు.

ఏప్రిల్‌లో మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి హవాసుకు తీసుకువెళ్లాము. టూ-స్ట్రోక్ నూనె కలిపిన పెట్రోలు పోయగానే వచ్చిన వాసన నన్ను ఒక్కసారి మా బంకు దగ్గరికి, నా చేతక్ స్కూటరు దగ్గరికి మోసుకుపోయింది. వాడు నీళ్లలో నడుం లోతున ఉండి దాన్ని పట్టుకుని, ముందు పొట్ట మీద, తరవాత మోకాళ్ల మీద, వేగం అందుకున్నాక నిలువున లేచాడు. వేగం లేనప్పుడు ఆ సన్నని దేహం మనిషిని మోయలేక ఊగిపోతుంది. పరుగెత్తితే పలకలాగ నీటిపైకి తేలి నిలకడ తెచ్చుకుంటుంది. నిలబడటానికి పరుగే ఆధారం.

నన్నూ ఎక్కమన్నాడు. కాలవ ఈత తెలిసినవాణ్ణి, లైఫ్‌జాకెట్టు ఉన్నది, జనం లేని పాయ; సరేనన్నాను. ఆ వేళ చేతితాడు తగిలించలేదు. "పడితే కంగారు పడకండి నాన్నగారూ, అదే మీ దగ్గరికి వస్తుంది, మెల్లగా వెనకనుంచి పట్టుకోండి" అన్నాడు. అయిదుసార్లు పడ్డాను. అయిదుసార్లూ అది బుడబుడమంటూ పెద్ద సున్నా చుట్టి వచ్చింది. ఆరోసారి మోకాళ్ల మీద, కొయ్య రెండు చేతులా పట్టుకుని, ఫర్లాంగు దూరం పోయి ఉంటాను. ముఖాన నీళ్లు కొరడాతో కొట్టినట్టు తగిలాయి. నిలబడలేదు. నిలబడటానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. ఒడ్డునుంచి మా ఆవిడ ఏదో అరుస్తున్నది, మెచ్చుకోలు కాదని దూరంనుంచే తెలిసింది.

ఇంతవరకూ ముచ్చట. ఆ సాయంకాలం ఒడ్డున కూర్చున్నప్పుడు నీళ్ల మీద రంగురంగుల నూనెతెట్టు చిన్నది కనిపించింది. కార్బురేటరు ఉన్న పాత టూ-స్ట్రోక్ ఇంజను తాను తాగిన పెట్రోలులో 25 నుంచి 30 శాతం దాకా కాల్చకుండానే బయటికి వదిలేస్తుంది. స్కూటరుకైతే అది పొగ. దీనికైతే నీళ్లే. ఈ కారణానికే అమెరికా పర్యావరణ సంస్థ 1996లో పడవ ఇంజన్లకు కొత్త నిబంధనలు తెచ్చింది. టాహో సరస్సు మీద 1999లో పాత తరహా టూ-స్ట్రోకులను ఆపారు. 2002కి యమహా, హోండాలు ఫోర్-స్ట్రోక్ వాహనాలు తెచ్చాయి. మోత సంగతి వేరే. 1996లో వాషింగ్టన్ రాష్ట్రపు శాన్ హువాన్ కౌంటీ ఈ వాహనాలను తన నీళ్లలోకే రానివ్వనన్నది, 1998లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అది చెల్లుతుందన్నది. వీటిలో ఏదీ అన్యాయమని నాకు తోచదు.

హవాసునుంచే ఒక కాలవ ఎడారిలోకి బయలుదేరుతుంది. సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు అంటారు. నీటిని కొండ మీదికి తోడి, సుమారు 540 కిలోమీటర్లు నడిపిస్తారు. ఫీనిక్సు తాగే నీటిలో కొంత భాగం అదే. కాటన్ దొర కాలవల నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. కాలవ పైన ఎవరేం కలిపినా కిందివాడి బిందెలోకి వస్తుందని మాకు వేరే చెప్పనక్కరలేదు. "ఒరే, నువ్వు పోస్తున్నది నీ పంపులోకే" అన్నాను.

వాడు వెంటనే ఒప్పుకోలేదు. అంత సరస్సులో ఇదెంత అన్నాడు. పక్కన పెద్ద పడవలు ఒక్క పూటలో తాగే పెట్రోలు దీనికి ఏడాదికి సరిపోతుందన్నాడు. ఇవన్నీ నడపకుండా బద్దలు కొడితే, ఇక కొయ్య పట్టుకుని నిలబడే విద్య ఎవరికి తెలుస్తుంది, మ్యూజియంలో అద్దం వెనక పెడితే తెలుస్తుందా అన్నాడు. ఆఖరి మాటకు నా దగ్గర జవాబు లేదు. పద్యం పుస్తకంలో ఉంటే చాలదనీ, గొంతులో ఉండాలనీ క్లాసులో వాదించినవాణ్ణి నేనే. కాని పద్యం నీళ్లలో నూనె వదలదు. తిరుగు ప్రయాణమంతా లెక్కలు వేసుకున్నాము. ఏడాదికి మూడు ట్యాంకులు, అంటే దాదాపు 40 లీటర్లు. అందులో పది లీటర్ల పైమాటే నీటిపాలు. పది లీటర్లంటే మా ఇంట్లో వంటనూనె డబ్బా ఎంత ఉంటుందో అంత. ఆ పోలిక విన్నాక వాడు చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు గ్యారేజీ గోడ మీద సుద్దతో ఒక పట్టిక గీశాడు. ట్యాంకు నిండిన ప్రతిసారీ ఒక గీత. ఏడాదికి మూడు దాటకూడదు. మేము మళ్లీ 2023లో వెళ్లినప్పుడు చూశాను. 2019 ఎదురుగా మూడు గీతలు, కరోనా వచ్చిన 2020కి ఏమీ లేదు, తరవాతి రెండేళ్లకు రెండేసి. 2023 ఎదురుగా అప్పటికి ఖాళీ. కార్బురేటరులో పొర మళ్లీ బిగుసుకుపోయిందట, కొత్తది రావలసి ఉన్నది.